సాయంత్రం ఆరు వరకు రాత్రి బస

తలగడ పడక సామగ్రి కిందికి వస్తుందా, వ్యక్తిగత సామాను కిందికి వస్తుందా అన్న విషయమై ఆ ఇంట్లో పొద్దున్నే మాటామాటా పెరిగింది.

"మనిషికి రెండు పడక వస్తువులే. తలగడ ఒకటి, దాని గలీబు ఒకటి. ఇక దుప్పటి ఎక్కడ పెడతావు?" అన్నాడు భర్త, గుడారాల బస నిబంధనల పుస్తకం మీద వేలు పెట్టి.

"గలీబు దుప్పట్లో మడిచేస్తాను. ఎవరు చూడొచ్చారు?" అంది ఇల్లాలు.

"చూడకపోతే మాత్రం తప్పు తప్పు కాకుండా పోతుందా అమ్మా?" అన్నారు మామగారు. ఆయన తనిఖీ అధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కొడుకు అదే శాఖలో గుమాస్తా. పాలు పొంగినా ఉత్తర్వు వచ్చాకే దించాలన్నంత క్రమశిక్షణ ఆ ఇంటిది.

ఇల్లాలి కోరిక చిన్నది. ఒక్క రాత్రి ఆరుబయట వెల్లకిలా పడుకుని నక్షత్రాలు చూడాలి. తెల్లారాక ఎవరూ "కాఫీ ఏదీ?" అనకూడదు. పదేళ్లుగా అడుగుతోంది; "చూద్దాంలే" అన్న మాట పదేళ్లుగా వింటోంది. ఈసారి భర్త దయతలచి, సరస్సు ఒడ్డున ప్రజల సౌకర్యార్థం నెలకొల్పిన ప్రభుత్వ గుడారాల మైదానంలో ఆరు నెలల ముందే చోటు రాయించాడు.

ఏర్పాట్లు ఎంత ముచ్చటగా ఉన్నాయని! గుడారం వేసినందుకు ఒక రుసుము, మేకులు దిగినప్పుడు నేలకు కలిగే శ్రమకు మరొకటి. చెట్టు నీడ అటవీ శాఖది, సరస్సు మీది గాలి నీటిపారుదల శాఖది కనుక ఎవరి రుసుము వారికి. ఆకాశ వీక్షణ రుసుము మాత్రం తలకింత. మబ్బు పడితే తిరిగి ఇవ్వబడదు.

"మబ్బు పడితే మేం చూసేదేముందండీ?" అంది ఇల్లాలు.

"మబ్బు చూడండమ్మా. దానికి వేరే ఏం తీసుకోవడం లేదుగా," అన్నాడు మైదానం గేటు దగ్గర రుసుముల కిటికీ వెనక ఉద్యోగి ఉదారంగా.

మొదటిసారి బస చేసేవారు అంతకుముందు బస చేసిన రసీదు జతపరచాలి. అది లేనివారు, లేనందుకు రుసుము కట్టి ఆ రసీదు పొందవచ్చు. "ఎంత ముందుచూపు!" అని భర్త మురిసిపోయాడు.

గుడారం నిలబడేసరికి అయిదున్నర. అప్పుడు పర్యవేక్షకుడు ఈల ఊది, స్టూలెక్కి ప్రసంగించాడు.

"ప్రియమైన పౌరులారా! మీ భద్రత మాకు ప్రాణం. రాత్రివేళ ప్రమాదాలకు అవకాశం ఉన్నందున, రాత్రి బసను సాయంత్రం ఆరింటికే ముగిస్తున్నాం. ఈ విధానం వచ్చాక ఇక్కడ రాత్రిపూట ఒక్క ప్రమాదమూ జరగలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. మామగారు లేచి నిలబడి మరీ కొట్టారు. ఇల్లాలు వెళ్తూ వెళ్తూ ఒకసారి తల పైకెత్తబోతే భర్త మోచేత్తో పొడిచాడు. వీక్షణ వేళలు ఏడు గంటల నుంచట.

ఇంటికొచ్చి వంట చేసింది. ఇద్దరికీ వడ్డించి, కూర్చోకుండా గొంతు సవరించుకుంది.

"ప్రకటన. ఈ రాత్రి భోజనాలైన తరువాత రేపు ఉదయం ఎనిమిది వరకు వంటిల్లు మూసివేయబడును. సదరు సమయంలో ఇల్లాలు మేడ మీద ఉండును. పిలుపులు స్వీకరించబడవు. కాఫీ గురించిన విజ్ఞప్తులు మూడు ప్రతులలో సమర్పించవలెను."

అరుపులకు ఇంటి కప్పు ఎగిరిపోతుందనుకుంది.

భర్త ముద్ద కంచంలో దించి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

"పెద్దవాళ్లకేమైనా మినహాయింపు ఉందా అమ్మా?" అన్నారు మామగారు.

"లేదు మామయ్యా."

"మంచిది. నిబంధనంటే అలా ఉండాలి."

పదేళ్లు మనిషిలా అడిగినప్పుడు ఎవరి చెవినా పడని మాట, కార్యాలయంలా చదివేసరికి తక్షణం అమల్లోకి వచ్చింది.