పగడపు దిబ్బల సంఘం, అమలాపురం

పగడపు దిబ్బల్ని కాపాడటానికి కోనసీమను మించిన చోటు భూమ్మీద లేదు. ఎందుకంటారా? ఇక్కడ పగడపు దిబ్బలు లేవు కాబట్టి!

ఈ సౌకర్యాన్ని మొట్టమొదట వాడుకున్నవారు బాలగంగాధరం మాస్టారు. అమలాపురంలో సైన్సు చెప్పేవారు. ఎనభై ఎనిమిదిలో ఒక పొద్దున్న రేడియోలో ఎవరో, సముద్రం వేడెక్కి పగడపు దిబ్బలు పాలిపోయి చచ్చిపోతున్నాయనీ, మిగిలినవాటిని సున్నానికి తవ్వుకుపోతున్నారనీ చెప్పారు. మాస్టారు ఇడ్లీ ప్లేటు పక్కకి తోసేశారు.

"కోట్ల ప్రాణులు కట్టుకున్న ఇళ్ళే అవి! కూలిపోతున్నాయిట," అన్నారు భార్య కామేశ్వరితో.

"మన వంటింటి కప్పు కూడా కారుతోందండీ," అందావిడ.

వారం తిరక్కుండా సంఘం పుట్టింది. ఇటుకబట్టీల యజమాని ఉమామహేశ్వరరావుగారు ప్రెసిడెంటు. ఊరేగింపు తీశారు. పెయింటరు జన్మలో పగడపు దిబ్బ చూసినవాడు కాడు. అందుకని బ్యానరు మీద కాలీఫ్లవర్ వేశాడు. అది చూసి కూరగాయల రైతులు తమ ఉద్యమమే అనుకుని వెనక నడిచారు. బలం రెట్టింపైంది!

గోదావరి రేవులో "పగడపు దిబ్బల మీద లంగరు వేయరాదు" అని బోర్డు పెట్టారు. ఒక్క పడవంటే ఒక్క పడవ ఉల్లంఘించలేదు. ఇంత క్రమశిక్షణ ఏ దేశంలో ఉందండీ?

మొదటి వార్షిక సభలో దండలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. అప్పుడు వెనక వరసలోంచి అచ్చాయమ్మ లేచింది. కాట్రేనికోన అవతల ఉప్పుటేటి పాయల్లో పీతలు పట్టుకుని బతికే మనిషి.

"అయ్యగారూ, మా పేట ముందున్న మడచెట్లు నరికేత్తన్నారండి. తుఫానొత్తే అలని ఆపేవి అయ్యేనండి. ఆటిని కూడా మీ సంఘంలో కలుపుకోండి బాబూ."

ఎజెండాలో లేదన్నారు పెద్దలు. మాస్టారికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సైకిలేసుకుని ఆవిడ పేటకి వెళ్ళారు. మోకాలెత్తు మొద్దులు. గుమ్మాల దాకా ఉప్పునీళ్ళు. కట్టెలు నింపుకుని వరసగా బళ్ళు.

"ఎవరివమ్మా ఇవి?"

"మీ పెసిరెంటుగారి బట్టీలకేనండి."

మాస్టారు అత్యవసర సమావేశం పిలిచి, మడచెట్లు నరకరాదని తీర్మానం పెట్టారు. ప్రెసిడెంటుగారు ఎంతో ఆప్యాయంగా మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు.

"మీరు చాలా మంచివారండీ. కానీ లేనివాటిని కాపాడితే అందరికీ పుణ్యం. ఉన్నవాటిని కాపాడబోతే ఉన్నవాళ్ళకి నష్టమండీ!"

చప్పట్లు మోగిపోయాయి. తీర్మానానికి పడింది ఒకే ఒక్క ఓటు. ఎవరిదో మీకు చెప్పనక్కర్లేదు.

మాస్టారు రాజీనామా కాగితం బల్లమీద పెట్టి, తిన్నగా పేటకి చేరారు. అచ్చాయమ్మ బుట్టెడు మడమొక్కలతో బురదలో నిలబడి ఉంది.

"సంగం ఏవన్నాదండీ?"

"వచ్చే నెలనించి హిమాలయాల మీద మంచు కరక్కుండా చూస్తారుటమ్మా."

"ఆయ్. చూడనియ్యండి బాబూ. చానా దూరం కదండీ, అడ్డవెవరొత్తారు?" అని ఆవిడ ఒక మొక్క ఆయన చేతిలో పెట్టింది. "మీరు పంచె పైకి కట్టి, ఇలా దిగండి."