నాలుగు వేళ్ల కిటికీ

ఆ శుక్రవారం పొద్దున నూరి అనే ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం ఐదింటికల్లా ముందుగది చల్లగా ఉండాలి. ఆగస్టు నెల, హిల్లా ఊళ్లో ఇంటి మీది ట్యాంకు నీళ్లతో నేరుగా టీ పెట్టుకోవచ్చు. ఆ ఎండలో తొమ్మిది మంది మగవాళ్లు కోట్లూ అంగరఖాలూ వేసుకుని, అతని చెల్లెలు సాజిదాని పెళ్లికి అడగడానికి వస్తున్నారు.

సాజిదాకి ముప్పై తొమ్మిదేళ్లు. ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతుంది. పెళ్లికొడుకు ఫాలిహ్‌కి మందుల షాపుంది, భార్య పోయి నాలుగేళ్లయింది. వాళ్లిద్దరూ ఒకరినొకరు ఇష్టపడడం ఎప్పుడో అయిపోయింది, ఇక పెద్దలొచ్చి అడగడమే మిగిలింది. ఇంతకుముందు రెండు సంబంధాలు నూరి అతిజాగ్రత్త వల్లే తప్పిపోయాయి. మొదటిసారి పెళ్లికొడుకుని జీతం స్లిప్పు అడిగాడు. రెండోసారి అడగనని అమ్మకి మాటిచ్చి, నేరుగా వాళ్ల ఆఫీసుకే వెళ్లి కనుక్కున్నాడు.

"ఆయనంటే నాకిష్టం అన్నయ్యా. ఈసారి చెడగొట్టావంటే జన్మలో నీతో మాట్లాడను," అని సాజిదా గురువారమే చెప్పేసింది. నూరికి ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేదు. చెల్లెలంటే అతనికి ప్రాణం. అదే వచ్చిన చిక్కు.

వీధి జనరేటరు నుంచి వాళ్లింటికి వచ్చే కరెంటు ఒక ఎయిర్ కూలరుకీ రెండు లైట్లకీ సరిపోతుంది. అతని బావమరిది అయాద్ ఇంట్లో మాత్రం ఏసీ ఉంది. మొన్న అక్కడికి వెళ్లినప్పుడు, "తలుపెయ్యి బావా, చల్లదనమంతా బయటికి పోతోంది," అని అయాద్ మూడుసార్లు అన్నాడు. నూరి ఆ మాట మీద రెండు రోజులు ఆలోచించి, ఇన్నేళ్లుగా తన కూలరు చల్లదనం కూడా కిటికీలోంచే వీధిలోకి పోతోందని తేల్చాడు.

అంచేత పొద్దున్నే గోధుమరంగు టేపు తెచ్చి వీధివైపు కిటికీ సందులన్నీ అంటించాడు. వంటింటి కిటికీ, వెనకగది కిటికీ కూడా వదల్లేదు. తలుపుల కింద పాత గుడ్డలు కుక్కాడు.

"ఒరే, ఆ కిటికీ నాలుగు వేళ్లు తెరిచి ఉంచరా. మీ నాన్న ఉన్నప్పటినుంచీ అలాగే ఉంచుతున్నాం," అంది తల్లి.

"అందుకేనమ్మా మనం ఇన్నేళ్లూ ఉడికిపోయింది."

సాజిదా చీపురు పక్కన పెట్టి వచ్చింది. "కూలరు ఏసీ కాదన్నయ్యా. గడ్డిలో నీళ్లు ఆవిరయ్యేటప్పుడు గాలిలో వేడిని లాగేసుకుంటాయి, అందుకే గాలి చల్లబడుతుంది. ఆ తడిగాలి బయటికి పోతేనే కూలరు వెనకనుంచి బయటి పొడిగాలి లోపలికొస్తుంది. నువ్వు అన్నీ మూసేస్తే గదినిండా తడే. ఇంక నీళ్లు ఎక్కడికని ఆవిరవుతాయి?"

"పెళ్లికూతుళ్లు పాఠాలు చెప్పకూడదు," అన్నాడు నూరి. "వెళ్లి గోరింటాకు పెట్టుకో."

మొదటి పది నిమిషాలు గది నిజంగానే చల్లబడింది. నూరి ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించాడు. మధ్యాహ్నానికి గోడమీద కేలండరు మెలి తిరిగింది. నీళ్లు వేడెక్కి ఉంటాయనుకుని నూరి రెండు ఐసు దిమ్మలు కొనుక్కొచ్చి కూలరు తొట్టిలో వేశాడు. మూడింటికి భార్య ఖౌలా ఖర్జూరం బిస్కెట్ల పళ్లెం తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఏమండీ, పొద్దున కరకరలాడాయి. ఇప్పుడు చూడండి."

బిస్కెట్టు నూరి చేతిలో మెత్తగా వంగింది తప్ప విరగలేదు. "పెద్దవాళ్లొస్తున్నారు, పళ్లు లేనివాళ్లకి హాయి," అని అతను మరో దిమ్మకి డబ్బులు తీశాడు.

సరిగ్గా ఐదింటికి వాళ్లొచ్చారు. అందరికంటే ముందు ఫాలిహ్ మేనమామ హాజీ మిజ్‌హిర్, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఆ వంశంలో ఆయన ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. అందరూ కూర్చున్నాక నూరి చల్లదనం పోకుండా తలుపు గట్టిగా నెట్టి మూశాడు. హాజీ ముందు కాఫీ పెట్టారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కాఫీ తాగరేమిటని ఇంటాయన అడగాలి, అడిగింది ఇస్తామన్నాకే ఆ కప్పు ఎత్తాలి, అది పద్ధతి.

హాజీ వంశాల గురించి మొదలుపెట్టి రెండు వాక్యాలు మాట్లాడి ఆగాడు. నుదుటిమీంచి కారిన చెమట కళ్లలోకి దిగింది. జేబురుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. మళ్లీ ఒత్తుకున్నాడు. ఫాలిహ్ మొదటి భార్య గుర్తొచ్చి ఏడుస్తున్నాడనుకున్నాడు నూరి.

"బాధపడకండి హాజీగారూ. ఇష్టం లేకపోతే బలవంతమేమీ లేదు," అన్నాడు ఓదార్పుగా.

ఫాలిహ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇష్టం లేదని ఎవరన్నారు? మీకు లేదా?"

"నాకా? నాకెందుకు లేదు?"

"అయితే కాఫీ తాగరేమిటని అడగండి, ఏడవకండని కాదు," అన్నాడు కోటు వేసుకున్న ఒకాయన చిరాగ్గా.

"నేను ఏడవడం లేదు," అన్నాడు హాజీ. "ఉడుకుతున్నాను. కాసేపు బయట నిలబడొస్తాను."

ఆ గదికున్న ఒక్క తలుపూ తెరుచుకోలేదు. చలికాలం వానలకి ఉబ్బి బిగుసుకునే చెక్క తలుపు, ఆ రోజు గదిలోనే వానాకాలం దొరికేసరికి చౌకట్లో కూరుకుపోయింది. నూరి రెండు చేతులా పట్టి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

తొమ్మిది మందీ ఆ పిడివైపు చూశారు.

"ఒప్పుకునేదాకా బయటికి పోనివ్వరా?" అన్నాడు హాజీ మెల్లగా. "మా కాలంలో ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు. మగపెళ్లివారిని బంధించడం ఇదే చూడ్డం."

అదే సమయానికి వెనకగదిలో తల్లి డప్పు తీసింది. ముందుగదిలో సరేనన్న మాట వినపడగానే వాయించాలి. ఇల్లంతా పట్టిన తడికి తోలు వదులైపోయి, పరుపు దులిపినట్టు చప్పుడొచ్చింది. పెళ్లింట డప్పు మూగబోవడం ఆవిడ సహించలేదు. మెట్లకింద కుంపటి ముట్టించి తోలు కాచింది. బొగ్గులు కూడా చెమ్మగిల్లి ఉండడంతో మంటకన్నా పొగే ఎక్కువొచ్చింది. కిటికీలన్నిటికీ టేపుంది కాబట్టి ఆ పొగ మెట్లదారిన డాబామీదికి పోయింది. పక్కింటావిడ అది చూసి ఫోను చేసింది. ఫైరింజన్లు ఉండేది రెండు వీధుల అవతలే.

సైరను విన్న హాజీ, "పోలీసుల్ని కూడా పిలిచారా?" అన్నాడు. అంతా అయిపోయిందని నూరికి తెలిసిపోయింది. గోడ అవతలే చెల్లెలుంది, జన్మలో ఇక మాట్లాడదు. చేతిలో పిడి పట్టుకుని అతను నిజంగానే ఏడ్చాడు. అందరి ముఖాలూ తడిగానే ఉండడంతో ఎవరూ గమనించలేదు.

ఫైరింజను మనిషి బయటనుంచి, "పక్కకి జరగండి," అని అరిచి వీధికిటికీ అద్దం పగలగొట్టాడు. లోపల నిలవున్న తడిగాలంతా ఒక్కసారిగా వీధిలోకి పోయింది. కూలరు గొంతు మారింది. గడ్డిలోంచి గాలి సర్రున వచ్చి, ముందు హాజీ గడ్డాన్ని కదిపింది. రెండు నిమిషాల్లో చొక్కాలు ఒంటికి అంటుకోవడం మానేశాయి. ఐదు నిమిషాల్లో ఒకాయన కోటు గుండీలు పెట్టుకున్నాడు.

హాజీ తిరిగి కూర్చున్నాడు. కళ్లు మూసుకుని గాలికి ముఖం పెట్టాడు. ఫైరింజను మనుషులు కూడా మంట ఎక్కడని అడగడం మరిచిపోయి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మా ఇంట్లో ఏసీకి నా మోకాళ్లు పట్టేస్తాయి," అన్నాడు చివరికి. "ఇలాంటి గాలి మా నాన్న ఇంట్లో తగిలింది, మళ్లీ ఇక్కడే. నూరీ, మీ చెల్లెల్ని మా ఫాలిహ్‌కి ఇవ్వమని అడుగుతున్నాను."

నూరి ఇంకా చేతిలోని పిడిని ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు. గోడ అవతలినుంచి సాజిదా గొంతు స్పష్టంగా వినిపించింది. "ఇచ్చానని చెప్పు అన్నయ్యా."

"ఇచ్చాం," అన్నాడు నూరి.

హాజీ కప్పెత్తి చల్లారిపోయిన కాఫీ తాగాడు. వెనకగదిలో డప్పు ఢమఢమ మోగింది. తలుపు అప్పటికీ తెరుచుకోలేదు. పెళ్లివారు ఒక్కొక్కరే పగిలిన కిటికీలోంచి ఫైరింజను నిచ్చెన మీదుగా మర్యాదగా దిగి వెళ్లారు.

నూరి ఆ కిటికీకి మళ్లీ అద్దం వేయించాడు గానీ, నాలుగు వేళ్లు పొట్టిగా వేయించాడు. అడిగినవాళ్లందరికీ కూలరెలా పనిచేస్తుందో మొదటినుంచీ వివరించి, ఆ కొలత తనే కనిపెట్టానని చెబుతున్నాడు.