డిపో వీధిలో తెల్లగీత

వేమలరేవులో కొబ్బరిచెట్లు ఎన్ని ఉన్నాయో, ఆ ఊరు ఎలా ఉండాలన్న దాని మీద సూర్యప్రకాశరావు మాస్టారికి అన్ని అభిప్రాయాలున్నాయి. బస్టాపు కాలవకి అవతల ఉండాలి. వీధి దీపం రోడ్డు మీద వెలగాలి గాని కొబ్బరి మొవ్వులో వెలగకూడదు. ఆసుపత్రి గుమ్మం ముందు అంత ఎత్తు స్పీడు బ్రేకరు వేస్తే, ఒక జబ్బుతో బయల్దేరినవాడు రెండు జబ్బులతో లోపలికి వెళతాడు. హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారికి, చేతిలో షీటు పోయాక ఊరే షీటు అయింది. టీకొట్టు దగ్గర జనం ఆయన మాటలు శ్రద్ధగానే వినేవారు, టీ అయ్యేదాకా.

అయితే ఆ సోమవారం పొద్దున ఆయన తలపెట్టిన పని టీకొట్టు కబురు లాంటిది కాదు. కిందటేడు వానల్లో ఎదురింటి సలోమి గారికి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆవిడ రిటైరైన నర్సు. ఆ వీధిలో సగం మందికి చిన్నప్పుడు సూదిమందు వేసింది ఆవిడే. అంబులెన్సు వచ్చింది గాని, కొబ్బరి డిపో వీధి మొదట్లోనే ఆగిపోయింది. అరుగులూ, మెట్లూ, రేకుల పంచలూ ముందుకి జరిగీ జరిగీ వీధి సన్నబడిపోయింది. మురుగు పోయే దారిలేక మోకాలి లోతు నీళ్ళు. మాస్టారూ, కిరాణా కొట్టు గంగబాబూ ఆవిడని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఆ నీళ్ళల్లో మోసుకెళ్ళారు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నాడు అమలాపురంలో డాక్టరు. ఆవిడ బతికి ఇంటికొచ్చింది గాని, మాస్టారి భుజం మీంచి ఆ కుర్చీ బరువు దిగలేదు.

"రోడ్డు పద్దెనిమిది అడుగులుండాలి, పక్కన డ్రైను ఉండాలి" అని నగర పంచాయతీకి మూడు అర్జీలు పెట్టారు. మూడింటికీ పరిశీలిస్తామన్నారు. మాటల్లో చెబితే వీళ్ళకి ఎక్కదు, బొమ్మ గీసి చూపించాలి అని మాస్టారు తీర్మానించుకున్నారు.

తెల్లవారుజామున అయిదింటికి మాస్టారు తన భార్య పద్మశ్రీ ముగ్గుడబ్బా, ఒక టేపు, పురికొస తాడు పట్టుకుని వీధిలోకి దిగారు. తమ ప్రహరీగోడ దగ్గర టేపు ఆనించి, ఎదురుగా పద్దెనిమిది అడుగులు కొలిచి, అక్కణ్ణించి వీధి పొడుగునా ముగ్గుతో గీత లాగారు. గీత దాటి ముందుకొచ్చిన ప్రతి కట్టడం మీదా ఎన్ని అడుగులు వచ్చిందో ఎర్రసుద్దతో రాశారు. గంగబాబు కొట్టు అరుగు మీద "3 అ." అని, సలోమి గారి ఇంటి ముందు ర్యాంపు మీద "1 అ." అని. ఆ ర్యాంపు ఆవిడ చక్రాల కుర్చీ దిగడానికి కూతురు మేరీ కట్టించింది. తర్వాత డాబా ఎక్కి సెల్లుతో ఫొటో తీసుకున్నారు. ఇక గీత చెరిపేద్దామనుకునేసరికి ఆరున్నర దాటింది. తొమ్మిదికల్లా నగర పంచాయతీ ఆఫీసుకి వెళ్ళకపోతే అర్జీల టోకెన్లు అయిపోతాయి. స్నానం, టిఫిను, ఫొటో ప్రింటు. వచ్చాక చెరపచ్చులే అనుకున్నారు.

"ఇంటిముందు ముగ్గెయ్యమంటే ఏనాడూ వెయ్యని మనిషి, ఊరంతా వేసొచ్చేరా?" అంది పద్మశ్రీ ఖాళీ డబ్బా చూసి.

మాస్టారికి నలభై ఒకటో టోకెను దొరికింది. పదిన్నరకి పదకొండో నంబరు నడుస్తూండగా గుమాస్తా బల్ల మీద ఫోను మోగింది.

"ఏవండీ? కొబ్బరి డిపో వీధిలో మార్కింగా? ఎవరు చేసేరండీ?" అని గుమాస్తా అడుగుతూండగానే కమిషనరు గారు గదిలోంచి బయటికొచ్చారు. "ఏం మార్కింగు? ఎవరిది?" అన్నారు.

టౌన్ ప్లానింగు చూసే మురళీమోహన్, ఇంజనీరు ప్రశాంతి వంక చూశాడు. ఆవిడ గీయించి ఉంటుందని అతని అనుమానం. ఇతనే గీయించి తనకి చెప్పలేదని ఆవిడ అనుమానం. తన పరిధిలోని వీధి సంగతి తనకి తెలియదని కమిషనరు ముందు ఒప్పుకునే అలవాటు ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

"ప్రాసెస్‌లో ఉందండీ" అన్నాడు మురళీమోహన్.

"ఆయ్, ప్రాసెసే అండీ" అంది ప్రశాంతి.

మాస్టారు బెంచీ మీంచి లేచారు. "బాబూ, ఆ గీత..."

"టోకెన్ నంబరు పిలిచినప్పుడు మాట్లాడండి మాస్టారూ" అన్నాడు గుమాస్తా.

పన్నెండున్నరకి పంతొమ్మిదో నంబరు దగ్గర భోజనాల విరామం ప్రకటించారు. ఆటో ఎక్కి మాస్టారు వీధికి వచ్చి చూస్తే, గంగబాబు కొట్టుకి అరుగు లేదు. ఇటిక ముక్కల గుట్ట మీద నిలబడి, సుత్తి భుజాన వేసుకుని గంగబాబు చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇదేంటి గంగబాబూ?"

"గవర్నమెంటోళ్ళు గీసెళ్ళేరండి మాస్టారూ. వాళ్ళొచ్చి మిషనెట్టి కొడితే అరుగుతోపాటు కొట్టూ పోద్ది. అందుకని నేనే కొట్టేసుకున్నానండి. '3 అ.' అని రాసేరు చూసేరా?"

"అ అంటే..."

"అక్రమమండి! నాది మూడో అక్రమం. మొదటి అక్రమం ఎవరిదో తెల్సా అండీ? సలోమి గారిది. ఆవిణ్ణి చూస్తే అలా అనిపించదండి పాపం."

"అది గవర్నమెంటు గీతని నీకెవరు చెప్పేరు?"

"ఎవరో చెప్పాలా అండీ? మామూలు మనిషి అంత తిన్నగా గియ్యగలడాండీ?"

ముప్పై రెండేళ్ళ సర్వీసులో మాస్టారి గీతని ఇంతగా మెచ్చుకున్నవాడు లేడు. నోటిదాకా వచ్చిన నిజం ఆ మెప్పుకి ఒక్క క్షణం ఆగింది. ఈలోగా గంగబాబు సుత్తి కిందికి దించి, "ఆ గీసినోడెవడో నాకు దొరికితేనండీ..." అని ఇటికల గుట్ట మీద ఒక్కటి వేశాడు. నిజం వచ్చిన దారినే లోపలికి వెళ్ళిపోయింది.

వీధి మధ్యలో షామియానా లేచింది. వార్డు నాయకుడు ఆంజనేయప్రసాద్ పొద్దున మైకు పెట్టించి, "పేదల మెట్ల మీద ఈ గీత ఏమిటి?" అని గర్జించాడట. పదకొండింటికి ఆటోవాళ్ళు వచ్చి, రోడ్డు వెడల్పైతే మంచిదే కదా అన్నారు. పన్నెండుకి అద్దెకున్నవాళ్ళందరూ అదే మాటన్నారు. మాస్టారు వచ్చే వేళకి ఆంజనేయప్రసాద్ అదే మైకులో, "ఈ గీత కోసం నేను తిరగని ఆఫీసు లేదు" అంటున్నాడు. షామియానా మాత్రం రోడ్డుకి అడ్డంగానే ఉంది.

మాస్టారు తలవంచుకుని ఇంట్లోకి నడిచారు. పద్మశ్రీ అన్నం వడ్డించి ఆయన చేతివేళ్ళ వంక చూసింది. గోళ్ళల్లో ఇంకా ముగ్గుంది.

"చెప్పేరా?"

"చెప్తాను. సమయం చూసి."

"వీధిలో అరుగులన్నీ అయ్యేకా?"

మాస్టారు ముద్ద కలుపుతూండగా ఎదురింటి వైపు నుంచి ఠంగుమని గునపం దెబ్బ వినిపించింది. విస్తరి ముందు నుంచి అలాగే లేచి పరుగెత్తారు. మేరీ చీర బొడ్లో దోపుకుని ర్యాంపు అంచు మీద గునపం వేస్తోంది. గుమ్మంలో చక్రాల కుర్చీలో సలోమి గారు కూర్చుని ఉంది.

"అమ్మా మేరీ, ఆగు! ఆవిడ ఎలా దిగుద్ది?"

"నేనూ అదే అన్నానండి. అమ్మ వినట్లేదు."

"నేనే తియ్యమన్నాను మాస్టారూ" అంది సలోమి గారు నిదానంగా. "ఆవేళ నన్ను మోసేటప్పుడు మీరెంత ఆయాసపడ్డారో నేను చూళ్ళేదా అండీ? ఇంకొకళ్ళకి అలా జరక్కూడదు. అంబులెన్సు లోపలికొస్తే చాలు. నేను ఇంట్లో కూర్చుంటాను, నాకేం."

మాస్టారు ఎంగిలి చేత్తోనే షామియానా కిందకి వెళ్ళి ఆంజనేయప్రసాద్ చేతిలో మైకు లాక్కున్నారు.

"ఆ గీత గవర్నమెంటుది కాదు. నేను గీసేను. అ అంటే అక్రమం కాదు, అడుగు. మీరెవరూ ఏమీ పడగొట్టక్కర్లేదు. తప్పు నాది."

మాస్టారు గంగబాబు సుత్తి వంక చూస్తూ నిలబడ్డారు. గంగబాబు ముందుకొచ్చి ఆయన భుజం పట్టుకుని జనం వైపు తిరిగాడు.

"చూసేరా అండీ! మనకోసం కేసు తన మీదేసుకుంటున్నారు మాస్టారు! ఇలాంటోళ్ళుంటారాండీ ఈ రోజుల్లో?"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యకి నగర పంచాయతీ జీపు వచ్చి ఆగింది, మురళీమోహన్, ప్రశాంతి దిగారు. మాస్టారు వాళ్ళకి ఎదురెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చెప్పారు. మురళీమోహన్ అంతా విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మీరు గీసేరంటే కుదరదండి. మేం గీసినట్టు రిజిస్టర్లో ఎక్కించేసేం. కమిషనరు గారు సంతకం కూడా పెట్టేరు."

"నా దగ్గర ఫొటో ఉందండీ!"

"మా గీతకి మీరు ఫొటో తీసుకున్నారు. సంతోషమే కదండీ."

"అయితే ర్యాంపు తియ్యాలా, వద్దా?" అని గునపం పట్టుకునే అడిగింది మేరీ.

అది న్యాయమైన ప్రశ్నే. ప్రశాంతి జీపులోంచి పాత లేఅవుటు కాగితం తీసి బానెట్ మీద పరిచింది. అందులో కొబ్బరి డిపో వీధి వెడల్పు సరిగ్గా పద్దెనిమిది అడుగులే ఉంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "చెప్పేనా!" అన్నారు. అంత ఇబ్బందిలోనూ ఆ ఒక్క మాట ఆగలేదు.

"అంకె మీరు చెప్పిందేనండి. ఎక్కణ్ణించి కొలిచేరన్నదే చూడాలి" అంది ప్రశాంతి. సలోమి గారి అవతలి ఇంటి మూల హద్దురాయి కనబడింది. అక్కణ్ణించి టేపు ఇటు లాగారు. టేపు ర్యాంపునీ, గంగబాబు పగలగొట్టుకున్న అరుగు చోటునీ ఎక్కడా తాకలేదు, రోడ్డు దాటింది, మాస్టారి ప్రహరీగోడ దాకా వచ్చింది. అక్కడ ఆగలేదు. గేటు తీసుకుని లోపలికి వెళ్ళి కరివేపాకు చెట్టు మొదట్లో పద్దెనిమిది అయింది. ప్రశాంతి బంట్రోతు చేత అక్కడ మన్ను గీకించింది. మట్టి కొట్టుకుపోయిన హద్దురాయి బయటపడింది.

గోడ మూడడుగులు రోడ్డులో ఉంది.

మాస్టారు వంగి ఆ రాయి మీద మట్టి వేలితో తుడిచి చూశారు. "ఇదెలా..." అన్నారు.

"ఎలాగేంటండీ?" అంది పద్మశ్రీ అరుగు మీంచి. "గోడ కట్టేనాడు మేస్త్రి అడిగేడు, కొంచెం ముందుకి జరపమంటారా అండీ అని. మీరు స్పీడు బ్రేకర్ల గురించి పేపర్లో చదువుకుంటా, ఆయ్ అన్నారు."

మొట్టమొదట నవ్వింది సలోమి గారు. తర్వాత మేరీ గునపం కింద పడేసి నవ్వింది. గంగబాబు నవ్వలేదు. తన అరుగు ఉన్న చోటు వంకా, మాస్టారి గోడ వంకా మార్చి మార్చి చూసి, "అయితే నిజంగానే మీరు గీసేరాండీ?" అన్నాడు మెల్లగా.

"నేనే గంగబాబూ. ఆ సుత్తి ఇలా ఇయ్యి."

గంగబాబు ఇవ్వలేదు. ఒక నిమిషం ఆలోచించి, "మీ చేతులకి ఇది ఆగదులెండి, పక్కకుండండి" అని తనే వెళ్ళి మాస్టారి గోడ మీద మొదటి దెబ్బ వేశాడు. అందులో సాయం ఎంతో, కోపం ఎంతో మాస్టారు కొలవలేదు. సాయంత్రానికి గోడ కూలింది. పద్మశ్రీ అందరికీ మజ్జిగ ఇచ్చింది. ఆ ఇటికలతోనే మర్నాడు గంగబాబు అరుగు మళ్ళీ లేచింది, పాతదానికంటే ఒక వరస ఎత్తుగా. ఆంజనేయప్రసాద్ ఇరుగు పొరుగుల త్యాగం గురించి మాట్లాడి షామియానా విప్పించాడు. గోడ పోయిన మేర డ్రైనుకి సరిపోయిందని ఇంజనీర్లు తేల్చారు. రిజిస్టర్లో ఎక్కిన పని కాబట్టి చెయ్యక తప్పలేదు. వానలు రాకముందే డ్రైను పూర్తయింది.

ఆ తర్వాతి ఆదివారం వెనక వీధివాళ్ళు నలుగురు, గేటు లేకపోవడం వల్ల తిన్నగా వాకిట్లోకి వచ్చేశారు. మాస్టారు వచ్చి తమ వీధిలో కూడా ఒక్క గీత గియ్యాలన్నారు. మాస్టారు భార్య వంక చూశారు.

"తీసుకెళ్ళండి బాబూ" అంది పద్మశ్రీ, "ఇంక మాకు కూలడానికి గోడ లేదు."