అనుమతి లేని రాజీ

మానవజాతి ఇంతవరకూ చేసుకున్న యుద్ధాలన్నిటికీ కారణం నాలుగో తరగతిలో సరైన శిక్షణ లేకపోవడమేనని విద్యాశాఖ ఈ ఏడాది నిర్ధారించింది. నిర్ధారించి ఊరుకోలేదు. సామరస్య పర్యవేక్షణాధికారి అనే పదవిని సృష్టించి, ఆయనకొక గది, గదికొక తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలనే విషయంపై ఒక చిన్న వివాదం కూడా ఏర్పాటు చేసింది. (వివాదం ఇంకా నడుస్తోంది. అధికారిగారు ప్రస్తుతానికి వరండాలో కూర్చుంటున్నారు.)

ఆ వరండా నుంచి వెలువడిన ఉత్తర్వు ప్రకారం బడికొక శాంతి సమన్వయకర్త వస్తారు. ప్రతి తరగతీ ఆమెకు ఒక గొడవను అప్పగించాలి. ఆమె దాన్ని శాస్త్రీయంగా పరిష్కరిస్తారు. అది చూసి పిల్లలు నేర్చుకుంటారు, పిల్లల్ని చూసి పెద్దలు నేర్చుకుంటారు, ఆ తర్వాత లోకంలో సైన్యాలకు పనుండదు.

మా అమ్మాయి నాలుగో తరగతి. ఇంట్లో దాన్ని వాగుడుకాయ అంటాం. నిద్రలో కూడా ఎవరో ఒకరికి ఏదో ఒకటి వివరిస్తూనే ఉంటుంది. దాని ప్రాణస్నేహితురాలు మా పై అంతస్తు పిల్ల. మందపాటి కళ్లద్దాలు పెట్టుకుంటుంది కాబట్టి సోడాబుడ్డి. ఆ పేరు పెట్టింది మా అమ్మాయే. ఆ పిల్ల దాన్ని బిరుదులా స్వీకరించింది.

ఇద్దరిదీ ఒకటే బల్ల, ముందు వరసలో, కిటికీ పక్కన. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కడుతున్న భవనమూ, దాని మీది క్రేనూ కనిపిస్తాయి. ఒకరోజు కిటికీ వైపు ఎవరు కూర్చోవాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. ఒకరు తోశారు, ఇంకొకరు జడ లాగారు. ఉత్తర్వు అందినప్పటి నుంచీ ఒక్క గొడవ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న టీచరమ్మ, హమ్మయ్య అనుకుని వెంటనే బడి పై గదిలో ఉండే సమన్వయకర్తకు కబురు పంపింది.

చిక్కేమిటంటే, సమన్వయకర్త మెట్లు దిగి వచ్చేసరికి పిల్లలు రాజీపడిపోయారు.

"క్రేను తిరిగినప్పుడల్లా సీటు మార్చుకుంటాం మేడమ్," అంది మా అమ్మాయి. "ఇప్పుడు దీని వంతు. క్రేను అంకుల్ అన్నానికి దిగాడు, అందుకే ఇంకా తిరగలేదు. దీని అదృష్టం."

"నా అదృష్టం," అని ఒప్పుకుంది సోడాబుడ్డి.

సమన్వయకర్త మంచి మనిషి. ఆమె గొంతు ఎంత మెత్తన అంటే, వినాలంటే తల వంచాల్సిందే. తల వంచాక ఒప్పుకున్నట్టే లెక్క. "ఇది రాజీ కాదమ్మా, గొడవని లోపల దాచుకోవడం," అందామె. నియమావళి ప్రకారం మొదటి మెట్టు మనసులోని గాయాన్ని గుర్తించడం. ఈ పిల్లలు తిన్నగా చివరి మెట్టు మీదికి దూకేశారు. కాబట్టి అనుమతి లేని ఆ రాజీని రద్దు చేసి, శిక్షణ పూర్తయ్యేదాకా, ఆ పాఠాల్లో తప్ప, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదని ఆదేశించింది. (మాట్లాడుకుంటే కలిసిపోయే ప్రమాదం ఉంది.)

నేను నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగం గుమాస్తాని. ఫిర్యాదు నమోదు కాకముందే కుళాయిలో నీళ్లొచ్చేస్తే మాకెంత ఇబ్బందో నాకు తెలుసు. అందువల్ల ఆమె పరిస్థితి నాకు పూర్తిగా అర్థమైంది.

మర్నాటి నుంచి గాయాల అన్వేషణ మొదలైంది.

"నీకెక్కడ బాధ కలిగిందో చెప్పు తల్లీ."

"జడ దగ్గర."

"అక్కడ కాదు, మనసులో."

"మనసులో ఏం లేదు మేడమ్."

"ఉంటుంది. ఇంటికెళ్లి వెతుకు."

మా అమ్మాయి ఇంటికొచ్చి నిజంగానే వెతికింది. అన్నం కలుపుకుంటూ, పుస్తకాలు సర్దుకుంటూ, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ వెతికింది. "నాన్నా, క్లాసులో అందరికీ దొరికాయి. నా ఒక్కదానికే గాయం దొరకట్లేదు," అంది ఏడుపుగొంతుతో.

"ఏదో ఒకటి చెప్పి పారెయ్యవే, పీడా పోతుంది," అని వంటింట్లోంచి మా ఆవిడ సలహా ఇచ్చింది. నేను కూడా పేపరు దించకుండానే తలాడించాను.

పిల్ల ఏదో ఒకటి చెప్పింది. అందరిముందూ నిలబడి, "దీనికి వెనక నుంచి బోర్డు కనపడదు. అందుకని దీనితోపాటు నేనూ ఎప్పుడూ ముందు బల్లలోనే కూర్చోవాలి. నాకు అందరితో వెనక కూర్చోవాలని ఉంటుంది," అంది.

సోడాబుడ్డి కళ్లద్దాలు తీసి, గౌను అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఎంత నిజాయితీ!" అని సమన్వయకర్త చప్పట్లు కొట్టింది. తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. మొదటి మెట్టు విజయవంతంగా ఎక్కినట్టు వరండాకు నివేదిక వెళ్లింది.

మర్నాడు సోడాబుడ్డి ఎవరూ చెప్పకుండానే సంచీ తీసుకుని చివరి బల్లలోకి వెళ్లి కూర్చుంది. అక్కడి నుంచి దానికి బోర్డు కాదు కదా, టీచరమ్మ కూడా సరిగ్గా కనపడదు. మా అమ్మాయి ముందు బల్లలో ఒక్కతే మిగిలింది. కిటికీ మొత్తం దానిదే. ఆ రోజు క్రేను ఎటు తిరిగిందో చూడలేదని ఇంటికొచ్చి చెప్పింది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. వాగుడుకాయ నోరు మూసుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో మాకప్పుడే తెలిసింది. గడియారం చప్పుడు వినపడసాగింది.

ఇంతలో ఉత్తర్వులోని రెండో భాగం అమల్లోకి వచ్చింది. గొడవ పిల్లలదైనా, దాని వేళ్లు కుటుంబాల్లో ఉంటాయట. అందుకని రెండు కుటుంబాలనూ శిక్షణకు పిలిచారు.

మా ఆవిడా, పై అంతస్తు ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమీ లేదు. నిచ్చెనా, కుట్టుమిషనూ, జ్వరం మందూ అటూ ఇటూ తిరగ్గా తిరగ్గా ఏర్పడిన వరస అది. ఇద్దరూ ఒకే రిక్షాలో, నవ్వుకుంటూ శిక్షణకు వెళ్లారు.

అక్కడ మొదటి పాఠం, ఎదుటివాళ్లను నిందించకుండా మన మనసు విప్పడం. 'నువ్వు ఇలా చేశావు' అనకూడదు. 'నాకు ఇలా అనిపించింది' అనాలి. ఈ పద్ధతి మావాళ్లకు చాలా నచ్చింది.

"వదినా, మీ అమ్మాయికి కాస్త నోరెక్కువని నాకు అనిపించింది," అంది పై అంతస్తు ఆవిడ, సాధన కోసమే.

"మీ అమ్మాయిని మరీ గారాబం చేశారని నాకూ అనిపించింది వదినా," అంది మా ఆవిడ, మర్యాదగానే.

"ఆ నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా నాకు అనిపించింది."

రెండో పాఠం, శ్రద్ధగా ఆలకించడం. ఎదుటివాళ్లు అన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పాలి.

పై అంతస్తు ఆవిడ మొదలుపెట్టింది: "అంటే, నేను పిల్లని పెంచడం చేతకానిదాన్నని మీరంటున్నారు. అంతేనా?"

"నేనలా అనలేదు. అంటే, నేను అబద్ధాలకోరునని మీరంటున్నారు. అంతేనా?"

"చాలా బాగా ఆలకిస్తున్నారు," అని సమన్వయకర్త ఇద్దరినీ మెచ్చుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు రెండు రిక్షాలు అయ్యాయి. ఆ సాయంత్రమే మా నిచ్చెన మా గుమ్మం ముందు ప్రత్యక్షమైంది. వాళ్ల కుట్టుమిషను నేనే మోసుకెళ్లి ఇచ్చొచ్చాను. వారం తిరిగేసరికి 'వదిన' కాస్తా 'ఆవిడ' అయ్యింది, 'ఆవిడ' కాస్తా 'ఆ పైవాళ్లు' అయ్యింది. పైవాళ్లాయన బస్సు డ్రైవరు. నేను రోజూ ఎక్కే బస్సు ఆయనదే. ఆయన నన్ను చూసి ఆపడం మానలేదు గానీ, ఒక బస్సు పొడవు ముందుకెళ్లి ఆపసాగాడు. నేను పరుగెత్తసాగాను.

చివరికి ప్రదర్శన రోజు వచ్చింది. సామరస్య పర్యవేక్షణాధికారి స్వయంగా విచ్చేశారు. పిల్లలిద్దరినీ వేదిక ఎక్కించారు. మా అమ్మాయి కంఠతా పట్టిన తన గాయాన్ని మైకులో అప్పజెప్పింది. 'దీనికి వెనక నుంచి బోర్డు కనపడదు' దాకా వచ్చి, ఆగి, మిగతాది గొణిగేసింది. సోడాబుడ్డి 'నిన్ను క్షమించాను' అని నేల చూస్తూ అంది. ఇద్దరూ చేతులు కలిపారు. ఫొటో సరిగ్గా రాలేదన్నారు. విడదీసి మళ్లీ కలిపారు. ఈసారి ఒక పిల్ల నవ్వలేదన్నారు. మళ్లీ విడదీశారు.

సభలో మా ఆవిడ ఈ చివర, పైవాళ్లావిడ ఆ చివర కూర్చున్నారు. మధ్యలో ఖాళీ కుర్చీలు చాలా శాంతంగా ఉన్నాయి. మా బడి ఆదర్శ సామరస్య పాఠశాల అని అధికారిగారు ప్రకటించారు.

సభ అయ్యాక సమన్వయకర్త గేటు దగ్గర బస్సు కోసం నిలబడి కనిపించింది. అభినందించాను. ఆమె మొహమాటంగా నవ్వింది.

"ఈ కోర్సంతా మా చెల్లితో గొడవ తీర్చుకోవడానికే చదివానండీ," అంది. "పాఠాలన్నీ మొదట దాని మీదే సాధన చేశాను. ఇప్పుడది నా ఫోను ఎత్తదు."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు, ఆఫీసు నుంచి వచ్చి మెట్లెక్కబోతుంటే మెట్ల కింద, నీళ్ల మోటారు పక్కన గుసగుసలు వినపడ్డాయి. వంగి చూశాను. ఇద్దరూ ఉన్నారు. కళ్లద్దాలు మా అమ్మాయి ముక్కు మీద ఉన్నాయి.

"అమ్మో, అన్నీ వంకర్లు పోతున్నాయే!" అంటోంది మా అమ్మాయి.

"నాకూ అంతేగా, అవి తీసేస్తే," అంటోంది సోడాబుడ్డి. ఆ మాటకు ఇద్దరూ నోళ్లు మూసుకుని మరీ నవ్వుకుంటున్నారు.

నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. నేనూ అక్కడే కింది మెట్టు మీద కూర్చున్నాను.

"ఎప్పుడు కలిశారే?"

"ఫొటోలు తీసిన రోజే నాన్నా. చేతులు కడుక్కుంటుంటే కుళాయి దగ్గర. నేను సారీ అన్నా. నువ్వు వెనక కూర్చుంటే నేనూ వెనకే కూర్చుంటా, బోర్డు మీదున్నవన్నీ నీకు చదివి చెప్తా అన్నా."

"మరి ఇదేమంది?"

"ఊఁ అంది."

"అంతేనా?"

"అంతే. నేనయితే టీచరమ్మ కన్నా గట్టిగా చదువుతాను. అందుకే మమ్మల్నిద్దర్నీ మళ్లీ ముందుకి పంపేశారు. టీచరమ్మ లెక్కలో అది పాఠం చదవడమే, మాట్లాడుకోవడం కాదు."

పై నుంచి ఎవరో తలుపు తీసిన చప్పుడైంది. సోడాబుడ్డి చటుక్కున కళ్లద్దాలు లాక్కుని, పిల్లిలా మెట్లెక్కి వెళ్లిపోయింది. మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, చెవిలో చెప్పింది.

"మేం మాట్లాడుకుంటున్నామని ఎవరికీ చెప్పకు నాన్నా. తెలిస్తే మళ్లీ శాంతి నేర్పిస్తారు."