ఛైర్మన్ గారి మౌనదీక్ష

"ఈ క్షణం నుంచి నా పెదవికి సిగరెట్టు తగలదు. తగిలితే ఆ పెదవి నాది కాదు!"

కోటబొమ్మాళి సంత మైదానంలో మా నరసింగరావు గారు ఇలా ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ప్రభుత్వం ఆయన్ను పొగ విముక్తి కార్పొరేషన్‌కు ఛైర్మన్‌ని చేసి అప్పటికి ఒక పూటయింది. పదవి వచ్చాక కొత్త అలవాట్లు చేసుకునేవాళ్లను చూశాం గాని, ఉన్నది మానుకునేవాళ్లను చూడలేదు. జేబులోని సిగరెట్టు పెట్టెను ఆయన జనంలోకి విసిరారు. అనుచరుడు గిరిబాబు దాన్ని గాల్లోనే పట్టుకుని తన జేబులో భద్రపరిచాడు. త్యాగం మట్టిపాలు కాకూడదు కదా.

మర్నాటి నుంచి పాలన వేగం పుంజుకుంది. ఛైర్మన్ గారికి సిగరెట్టు గుర్తొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి బదిలీ. టీ చల్లగా తెచ్చిన అటెండరు సాలూరు వెళ్లాడు. వేడిగా తెచ్చినవాడు కళింగపట్నం వెళ్లాడు. టీ తేవాలా అని అడిగినవాడికి మెమో. ఫైలు మీద సంతకం పెట్టబోతే చెయ్యి గజగజ వణికేది. ప్రజల కోసం ఇంతగా వణికిన నాయకుణ్ణి నేను ఎరగను.

జనానికి పంచమని నికోటిన్ చూయింగ్ గమ్ములు వచ్చాయి. "ముందు నా మీద ప్రయోగం జరగాలి. ప్రజలకి ఏమైనా అయితే నేను తట్టుకోలేను" అన్నారాయన. ప్రయోగం ముగిసేసరికి పెట్టె ఖాళీ అయింది.

అలా మా పక్కింటి జగ్గమ్మకు గమ్ము అందలేదు. ఆమెది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పీల్చడమన్నమాట. మా వైపు ఆడవాళ్లకు పాత అలవాటే. వానలో నాట్లు వేస్తున్నా నిప్పు ఆరదు, చేతులు రెండూ పనికి మిగుల్తాయి. కాకపోతే ఈ మధ్య ఆమె అంగిట్లో తెల్లమచ్చ ఒకటి లేచి గట్టిపడింది. ఆసుపత్రి నర్సమ్మ చూసి, పెద్ద డాక్టరుకి చూపించాలి, ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది. జగ్గమ్మ ఆ రోజే చుట్ట మానేసింది. సభ పెట్టలేదు. బుగ్గన చింతపిక్క పెట్టుకుని కోళ్లను తిట్టుకుంటూ తిరిగేది.

"ఏటి తమ్ముడా, రేత్తిరి కంటిమీద కునుకు నేదు. నోరు పీకేస్తన్నాది. సైర్మన్ బాబుకీ ఇలగే ఉంటాదేటి?" అని ఒకరోజు అడిగింది.

"ఆయనకి తిట్టుకోడానికి మనుషులున్నారప్పా. నీకు కోళ్లే" అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

ఒక మధ్యాహ్నం ఛైర్మన్ గారి కారు వచ్చి జగ్గమ్మ ఇంటి ముందే ఆగింది. ఎవరూ రాకుండా చూడమని గిరిబాబు నన్ను గుమ్మంలో నిలబెట్టాడు.

"అప్పా, అడ్డపొగ తాగితే బయటికి అగుపడదంట కదా?" అన్నారు ఛైర్మన్ గారు.

"అగుపడదు బాబూ. నోరు మూసుకుంటే సాలు."

"మరి పొగ?"

"ముక్కులోంచి కొంచిం కొంచిం వగ్గాల."

ప్రజలు చెప్పేది ఆయన అంత శ్రద్ధగా వినడం నేను అప్పుడే చూశాను.

"నాకు నేర్పు."

"నాను వగ్గేసినాను బాబూ. నోట్లో పుండు. పెద్ద డాట్రు సూడాలంట."

"నేర్పితే ఆ డాక్టర్నే ఇక్కడికి తెప్పిస్తాను. క్యాంపు పెట్టిస్తాను. మొదటి నోరు నీదే."

జగ్గమ్మ వెలిగించని చుట్టతో చూపించింది. ఆయన వెలిగించినదానితో నేర్చుకున్నారు. పొగ తన వైపు వచ్చినప్పుడల్లా ఆమె రెండు చేతులూ తొడల కింద గట్టిగా అదిమిపెట్టుకుంది.

"నాలిక ఎనక్కి పెట్టు బాబూ, కాల్తాది. ఎవులైనా పలకరిస్తే తలూపు. నోరిప్పకు."

ఆ తర్వాత ఛైర్మన్ గారు ప్రశాంతులయ్యారు. బదిలీలు ఆగాయి. మాటలూ ఆగాయి. పొగాకుపై పోరులో భాగంగా సారు మౌనదీక్ష పట్టారని గిరిబాబు పత్రికలకు చెప్పాడు. ఒక నాయకుడు నోరు మూసుకుంటే జనానికి ఎంత మేలో మాకు అప్పుడు తెలిసింది.

ఆయన మాట తప్పలేదు. క్యాంపు పెట్టించారు. శ్రీకాకుళం నుంచి డాక్టర్ సుహాసిని గారు అంబులెన్సుతో వచ్చారు. మంత్రి గారు ముఖ్య అతిథి. వేదిక మీద ఛైర్మన్ గారికి సింహాసనంలాంటి కుర్చీ, పక్కన జగ్గమ్మకు ప్లాస్టిక్ కుర్చీ. జగ్గమ్మ ఉతికిన చీర కట్టుకుని, వేపపుల్లతో నోరు తోముకుని వచ్చింది.

"పెద్దగా తెరువమ్మా" అంటూ డాక్టరు గారు టార్చి వేశారు. మచ్చ చూడగానే ఆవిడ మొహం మారింది. ఇంకాస్త వంగబోయారు.

"ఆగండి డాక్టర్" అన్నారు మంత్రి గారు. "ప్రోటోకాల్ ఒకటి ఉంటుంది. ముందు ఛైర్మన్ గారి నోరు."

"అలాగే తెరిచి ఉంచమ్మా, ఇప్పుడే వస్తాను" అని డాక్టరు గారు ఇటు తిరిగారు.

ఛైర్మన్ గారు తల అడ్డంగా ఊపారు.

"సారుకి మౌనదీక్ష" అన్నాడు గిరిబాబు.

"మాట్లాడమనలేదయ్యా, తెరవమంటున్నాను" అన్నారు మంత్రి గారు. "ఈ నోరే మన ప్రభుత్వ విజయం. కెమెరాలు ఇటు రండి!"

మంత్రి గారు ఆప్యాయంగా ఆయన గడ్డం పట్టుకున్నారు. ఛైర్మన్ గారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముక్కులోంచి సన్నగా రెండు దారాలు లేచాయి.

"ఓలమ్మా, బాబుకి పొగలొస్తన్నాయి!" అంది ముందు వరసలో ఒకావిడ.

"దీక్షా తేజస్సది!" అన్నాడు గిరిబాబు మైకులో.

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే ఛైర్మన్ గారు నోట్లో ఉన్నది గుటుక్కున మింగారు. ఆ వెంటనే నోరు తెరుచుకుంది. ఆ కేక రైల్వే స్టేషను దాకా వినపడిందట.

ఆయన్ను అంబులెన్సులో పడుకోబెట్టారు. డాక్టరు గారు మెట్టు మీద ఆగి, "వేదిక మీద ఇంకో పేషెంటుంది సార్, ఆమెది ఆగేది కాదు" అన్నారు.

"ప్రజల మనిషి ప్రాణం పోతుంటే ప్రజలంటారేమిటి, ఎక్కండి!" అన్నారు మంత్రి గారు.

గన్‌మన్ తలుపు వేశాడు. ప్రజారోగ్యం కోసం కుప్పకూలిన నేత అని రాయమని గిరిబాబు విలేకర్లకు చెప్పాడు. వాళ్లు రాసుకున్నారు. కార్లన్నీ వెళ్లిపోయాయి.

షామియానా వాళ్లు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటూ వేదిక ఎక్కారు. జగ్గమ్మ లేవలేదు. డాక్టరు గారు చెప్పినట్టే నోరు తెరుచుకుని, అంబులెన్సు వెళ్లిన వైపు చూస్తూ కూర్చుంది.

గిరిబాబు వచ్చి ఆమె కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఇంక నోరు మూసెయ్యప్పా. క్యాంపు అయిపోనాది."