కుదుపు లేని పావురం

శనివారం పొద్దున టైటస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం లోపు తన మిషన్‌తో ఒక ఫోమ్ పావురాన్ని చెక్కించాలి, సాయంత్రం దాన్ని చర్చి వేదిక మీద వేలాడదీయాలి, మర్నాడు వార్షికోత్సవంలో తలెత్తుకు తిరగాలి. మూడోదే ముఖ్యం. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే దానంతటదే చెక్కిపెట్టే ఆ రూటర్ మిషన్ వచ్చినప్పటి నుంచీ ముందుగది నిండా తెల్ల పొట్టే. కిందటి వారం చెక్కిన పావురానికి రెక్కలు మెట్లు మెట్లుగా వచ్చాయి. పాస్టర్ గారు చూసి, "పీత బాగుంది బ్రదర్" అన్నారు.

భార్య మేరి తేల్చి చెప్పేసింది. "ఈసారి కూడా పీతే పుడితే, మిషన్ హోప్ టౌన్‌లో మా తమ్ముడి గోడౌన్‌కి పోతాది. నాకు ముందుగది కావాలండీ."

టైటస్‌కి ఆ మిషన్ అంటే ప్రాణం. వీడియోలన్నీ చూసి, ఫోమ్ మెత్తనిది గనక జోరుగా నడిపినా పరవాలేదని తేల్చుకుని వేగం పెంచాడు. అంతటితో ఆగితే బాగుండేది. మలుపు తిరిగిన ప్రతిసారీ మిషన్ ఎంత దుడుకుగా పరుగందుకోవాలో చెప్పే నంబరు ఇంకొకటుంది. దాన్నీ బాగా పెంచేసి, బటన్ నొక్కి, మోత భరించలేక చెవుల్లో దూది పెట్టుకుని, వెనక వరండాలో టీ తాగుతూ కూర్చున్నాడు.

ద్వీపం మీది బాంబూఫ్లాట్ ఊళ్లో వాళ్లుండేది చెక్క ఇంటి మేడ మీద. కింద ముందువైపు షాపు పెట్టుకుని ఇంటి యజమాని గవరయ్య, అతని తల్లి బుల్లెమ్మ ఉంటారు. బుల్లెమ్మ పప్పు కడుగుతుంటే అటక మీద గిన్నెలు గలగలమన్నాయి. తలెత్తి చూస్తే ఫ్యాను ఊగుతోంది. ద్వీపాల్లో ఆ ఊపు తెలియని మనిషి ఉండడు.

"ఒరే గవరయ్యా, భూకంపం రా. నడు, సముద్రం పైకొచ్చేలోపు కొండెక్కుదాం."

ఆ మాట వీధిలో పడ్డాక ఆపడం ఎవరి తరం? అన్ని భాషలవాళ్లూ కొండ మీది స్కూలు మైదానానికి పరుగు తీశారు. టైటస్ కాళ్ల కింద నేల ఊగుతూనే ఉంది, ఇంక అనుమానమెందుకు? మేరినీ, కూతురు క్యారొలిన్‌నీ లాక్కుని అందరికన్నా ముందే కొండెక్కాడు.

కాసేపటికి షాపుకి తాళం వెయ్యలేదని గుర్తొచ్చి గవరయ్య దిగాడు. ఇంటి స్తంభం మీద చెయ్యేసి చూసి, దిగినంత వేగంగానే తిరిగొచ్చాడు.

"ఇంకా ఊగతంది బాబూ."

"పెద్దది వచ్చే ముందు ఇలాగే ఉంటాది. ఎవరూ కిందికి పోకండి, నేను చెప్తున్నా, మై బోల్ రహా హూ," అన్నాడు టైటస్, అన్నీ తెలిసినవాడిలా.

గవరయ్య షాపు మీద బెంగ తీరక మళ్లీ దిగాడు. ఈసారి నెమ్మదిగా తిరిగొచ్చాడు. "ఆగిపోయింది. షాపులో కరెంటు పోయింది, ఊపూ అప్పుడే ఆగింది."

"డాడీ, కరెంటు పోతే భూకంపం ఆగుతాదా?" అంది క్యారొలిన్.

మైదానంలో జనం ఒక్కొక్కరే టైటస్ వైపు తిరిగారు. టైటస్ చెవుల్లో దూది తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి నా ఇల్లు ఊగిందంటే, నీ మిషన్ వీధిలో ఉంటాది," అన్నాడు గవరయ్య.

కరెంటు వచ్చాక టైటస్ ఆ నంబరును బాగా కిందికి దించి, మిషన్ కాళ్ల కింద పాత స్కూటర్ ట్యూబు ముక్కలు వేశాడు. ఇప్పుడది జెట్టీకి ఆనుకునే ఓడలా మెల్లగా కదిలి మెల్లగా ఆగుతోంది. కింద బుల్లెమ్మ ఫ్యాను వైపే చూస్తూ కూర్చుంది, అది కదిలితే ఒట్టు. మధ్యాహ్నం దాటాక పావురం బయటికొచ్చింది. మేరి నున్నటి రెక్క మీద చెయ్యి రాసి, "పీత కాదు," అంది. పెళ్లయ్యాక ఆవిడ నోట టైటస్ విన్న అతి పెద్ద మెచ్చుకోలు అదే.

మిషన్ ప్లగ్గు పీకి, పావురాన్ని ఎత్తుకోబోతుండగా నేల ఊగింది.

"భూకంపం," అని టైటస్ కేకేశాడు. వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు.

"మిషన్ దించు బాబూ," అన్నాడు గవరయ్య కింద నుంచి, మంచం దిగకుండా.

టైటస్ పీకిన ప్లగ్గు చేత్తో పట్టుకుని, మెట్ల దాకా పరిగెత్తాలని చూశాడు, వైరు అంత పొడవు లేదు. "ఆపేశానండీ, ప్లగ్గు చూడండి," అని మేడ మీద నుంచే ఊపి చూపించాడు.

"ప్లగ్గు ఎవరైనా పీకగలరు."

ఇక చేసేదేం లేక టైటస్ కళ్లు మూసుకుని, ఇది నిజం భూకంపమే కావాలని ప్రార్థన మొదలుపెట్టాడు. ఆమెన్ అనేలోపు గవరయ్య ఫోన్ మోగింది. నికోబార్ వైపు సముద్రంలో స్వల్ప భూకంపం, భయం లేదని కబురు. గవరయ్య రెండుసార్లు విని, గొంతు సవరించుకున్నాడు.

"నీది కాదంట బాబూ. మిషన్ ఉంచుకో."

"అయితే ఇప్పుడు పరిగెత్తాలేటిరా?" అంది బుల్లెమ్మ.

మర్నాడు ఆ పావురం కింద నిలబడి, భూకంపం పంపినందుకు దేవునికి స్తోత్రాలు చెల్లించినవాడు ద్వీపాలన్నిటిలో టైటస్ ఒక్కడే.