తన జై తానే విన్న లాప్‌టాప్

"మంత్రిగారికి జై కొట్టి కొట్టి కార్యకర్తల గొంతులు పాడవుతున్న దృష్ట్యా, ఆ బాధ్యతను ఇక కంప్యూటర్‌కు అప్పగిస్తున్నాం!" అని పార్టీ ఒమాన్ విభాగం కన్వీనర్ గంగాధరం అజైబాలోని తన రూమ్‌లో ప్రకటించాడు. గొప్పవాళ్లకే ఇలాంటివి తడతాయి.

పథకం చిన్నదే. కార్యకర్త వచ్చి కీబోర్డు మీద 'జై' అని కొడతాడు. అది విని ప్రోగ్రాం మర్యాదగా బదులు 'జై' కొడుతుంది. గోడ మీది టీవీలో లెక్క పెరుగుతుంది. శుక్రవారం మంత్రి వీరబ్రహ్మంగారు వచ్చి ఆ లెక్క చూసి మురిసిపోతే, ప్రవాసుల కార్పొరేషన్ చైర్మన్ కుర్చీ గంగాధరానిదే. ఆ కుర్చీ కోసం పాపం బావమరిది పెళ్లి కూడా ఎగ్గొట్టాడు.

రుసైల్‌లో కంప్యూటర్ల డ్యూటీ చేసే నోయెల్ ప్రోగ్రాం రాసి, పరీక్షకని ఒక్క 'జై' కొట్టాడు. ప్రోగ్రాం బదులిచ్చింది. ఆ బదులును తనే విని, ఎవరో కార్యకర్త అనుకుని ఇంకోటి కొట్టింది. అంకెలు పరుగందుకున్నాయి.

"ప్రోగ్రాంలో బగ్గు పడిందన్నా! తను కొట్టింది తనే విని మళ్లీ కొడుతోంది. ఆపేస్తాను."

గంగాధరం కళ్లు చెమర్చాయి. "ముట్టుకోకు తమ్ముడూ! ఇన్నేళ్లుగా పార్టీలో నేను చేస్తున్నదీ అదేగదా!"

ఆ వారమంతా వచ్చినవాళ్లు బిర్యానీ తిని, కీబోర్డు జోలికి పోకుండా టీవీకి చప్పట్లు కొట్టి వెళ్లారు. మంత్రిగారు వచ్చేసరికి లెక్క ఒమాన్ జనాభాను దాటేసింది.

"ఇంతమందీ మనవాళ్లేనా?"

"అరబ్బులు కూడా మీరంటే పడి చస్తారండీ!"

మంత్రిగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. పైగా ఆయనది నిప్పులాంటి నిజాయితీ. ఫోన్ కెమెరాల వైపు తిరిగి, "రేపు ప్రతిపక్షం ఇవన్నీ మిషన్ జైకారాలంటుంది. మిషన్ కొట్టినవి తీసేయండి. నా ప్రజలవి చాలు!" అన్నారు.

గంగాధరం కళ్లతోనే నోయెల్‌కు దండం పెట్టాడు. బగ్గు తీసే అవకాశం దొరికిన సంబరంలో నోయెల్ అది చూడలేదు. తను కొట్టినవి తనే వినకుండా ప్రోగ్రాం చెవులు మూసి, మొదట్నుంచీ మళ్లీ లెక్క పెట్టించాడు.

టీవీలో 'ఒకటి' అని పడింది.

"ఎవరా ఒక్కడు?" అన్నారు మంత్రిగారు.

"నేనేనండీ!" గంగాధరం రెండు చేతులూ ఎత్తాడు.

"నువ్వు కీబోర్డు ముట్టుకోలేదుగా అన్నా? అది నేను టెస్టింగుకి కొట్టింది" అన్నాడు నోయెల్. నిజం చెప్పే రోగం అతనికి పుట్టుకతోనే ఉంది.

మంత్రిగారు అతన్ని కావలించుకున్నారు. "ఈ ఎడారిలో నాకున్న ఏకైక కార్యకర్తవయ్యా! నువ్వే చైర్మన్!" శాలువా నోయెల్ భుజాల మీద పడింది. అందరికంటే గట్టిగా గంగాధరమే చప్పట్లు కొట్టాడు.

మంత్రిగారి కారు మలుపు తిరగ్గానే అతను కరక్ చాయ్ తెప్పించి, రెండు చేతులా నోయెల్‌కు అందించాడు.

"నోయెల్ గారూ, తమరు ఆ బగ్గు మళ్లీ పెట్టగలరా అండీ? ఈసారి తమరి పేరు మీద."